ఖాళీ తుపాకీకి బొట్టు పెట్టకూడదన్నారు

మధ్యాహ్నం కోటబొమ్మాళి స్టేషన్‌లో పాసింజరు దిగాను. సన్నగా వాన. ప్లాట్‌ఫారం మీద ఎర్రమట్టి బురద. పడమట కొండల వరస మబ్బులో సగం మునిగి ఉంది. దసరాకు ఇంకా రెండు వారాలు.

స్థానిక ఎన్నికలు వచ్చినప్పుడు పోలీసు బలగం చాలదు. మాజీ సైనికులను ప్రత్యేక డ్యూటీకి పిలుస్తారు. నేను హవల్దారుగా దిగిపోయి నాలుగేళ్లయింది. చీపురుపల్లి దగ్గర మా ఊళ్లో నువ్వుచేను చూసుకుంటున్నాను. పిలుపు రాగానే బూట్లకు పాలిష్ పెట్టుకుని బయలుదేరాను. ఖాకీ చొక్కా, చేతికి పట్టీ, ఈల, లాఠీ వాళ్లిచ్చారు. బూట్లు ఎవరివి వాళ్లవే. నావి సర్వీసునాటివి. చీలమండ పైదాకా లేసు కట్టుకోవాల్సిన నల్లబూట్లు. తొడగడానికి ఎంత సేపో విప్పడానికీ అంతే.

జీపు కాలువగట్టు మీదుగా వెళ్లింది. రెండు పక్కలా పాలు పోసుకుంటున్న వరి. తర్వాత జీడితోటలు. తర్వాత ఒక పెద్ద ఊరు. దాని పేరు రాయను. ఊరి మధ్యలో మూడంతస్తుల రైస్ మిల్లు. దాని ఎదురుగా కొంత దూరంలో పోలీస్ స్టేషన్, దాన్ని ఆనుకుని ఎరువులు నిల్వ చేసే పాత గోదాము.

ఎస్సై గోదాము తలుపు తీసి చూపించాడు. యూరియా వాసన ఇంకా పోలేదు. గోడవార కర్రచట్రంలో తుపాకులు నిలబెట్టి ఉన్నాయి. ఒక్కోదానికి ఒక అట్టముక్క వేలాడుతోంది.

"స్టేషన్ కప్పు కారతంది. అందుకే ఇక్కడ పెట్టాం. ఎన్నికలయ్యేదాకా ఒక్కటి కూడా గడప దాటకూడదు. తాళం మీ దగ్గరే," అన్నాడు.

అదీ ఆర్డరు. బయటి లోకానికి తెలియాల్సిన సంగతి ఒకటుంది. ఎన్నికల ప్రకటన వచ్చిన రోజు నుంచి లైసెన్సు తుపాకులున్న వాళ్లు వాటిని, తూటాలతో సహా, పోలీసులకు అప్పగించాలి. ఫలితాలు వచ్చాక తిరిగి తీసుకోవాలి. అప్పటిదాకా వాటికి కాపలా నేను, నాతోపాటు మరో మాజీ సైనికుడు. ఆయన ఫిరంగి దళంలో చేసినవాడు. గన్నర్ అనే పిలిచేవాళ్లం. కోటబొమ్మాళి పక్క ఊరివాడు, బాప్టిస్టు క్రైస్తవుడు. మెడలో చిన్న శిలువ, నోట్లో ఎప్పుడూ వక్కపలుకు.

"గదినిండా తుపాకులు. కాపలాకి మనకి కర్రలు. బాగున్నాది బావా," అన్నాడు మొదటి రోజే. మాకు చుట్టరికం లేదు. వయసు చూసి బావ అన్నాడు. నేనూ బావ అన్నాను.

మొదటి పనిగా ఇద్దరం తుపాకులన్నీ ఒకటొకటిగా తీసి చూశాం. గొట్టం విరవడం, అంటే మడత దగ్గర కిందికి వంచి తెరవడం, కంటితో చూడటం, చిటికెనవేలు పెట్టి తడమడం, పక్కవాడికి చూపించడం. ట్రైనింగ్‌లో మా ఉస్తాద్ తిండికంటే ముందు నేర్పింది అదే. ఖాళీ తుపాకీ అనేది లోకంలో లేదు, నువ్వు చూసి వేలు పెట్టేదాకా ప్రతి తుపాకీ నిండిందే అనేవాడు. ఇరవై ఏళ్లు ఆ మాట మీదే బతికి బయటపడ్డాను.

మేం తెరిచినవాటిలో సగం తుపాకులు పేలే స్థితిలో లేవు. కొన్నింట్లో కందిరీగలు మట్టిగూడు పెట్టాయి. కొన్ని గొట్టాల లోపల కుంకుమ ఎండి గట్టిపడింది. అర్థం కాలేదు.

"ఆయుధపూజ బావా," అన్నాడు గన్నర్. "ఏడాదికోసారి దానికి పసుపు, కుంకుమ, గంధం. మిగతా ఏడాదంతా బీరువాలో. కొన్నోడికి కాల్చడం రాదు. అది కాలదు. ఊర్ల మాత్రం అందరికీ భయం."

వాటిలో శుభ్రంగా, నూనె రాసి, నిగనిగలాడేది ఒక్కటే. విదేశీ డబల్ బ్యారెల్. మడమ మీద వెండిపువ్వు. అది మిల్లు యజమానిది. ఊళ్లో ఆయన్ను పెదబాబు అంటారు.

గోదాముకు ఎదురుగా రేకుల కింద టీ, ఇడ్లీ అమ్మే మనిషి పైడమ్మ. మాకు పొద్దున్న టీ తెచ్చేది ఆమే. రెండో రోజు గ్లాసులు దించి, కటకటాల్లోంచి లోపలికి తొంగిచూసి, వెండిపువ్వు తుపాకీని వేలితో చూపించింది.

"అదే బాబూ, నా సవితి."

మేం నవ్వాం. ఆమె నవ్వలేదు.

ఆమె భర్త అప్పన్న. పెదబాబు ఎక్కడికి వెళితే అక్కడికి ఆ తుపాకీ భుజాన వేసుకుని వెనకే నడిచే మనిషి. లైసెన్సు పెదబాబుది. మోత అప్పన్నది. పద్నాలుగేళ్లుగా పెళ్లిళ్లకు, పంచాయతీలకు, పొలం గట్టు తగవులకు, తిరనాళ్లకు. పెదబాబు ఇంట్లో పడుకుంటే అప్పన్న వాకిట్లో తుపాకీ పక్కన పడుకోవాలి. ఇప్పుడు తుపాకీ గోదాములో ఉంది. అందుకని అప్పన్న పొద్దుగూకేసరికి ఇంటికి వస్తున్నాడు.

"పెళ్లైన కాడ్నించి ఇన్ని దినాలు వరసగా ఇంట్ల పడుకున్నది ఇదే. బాబూ, మీరు పెద్దోళ్లకి సెప్పి ఈ ఎలచ్చన్లు సంక్రాంతి దాక సాగదీయించండి. మీకు టీ ఊరికే పోస్తాను," అంది పైడమ్మ.

"నువ్వే నిలబడమ్మా ఎలచ్చన్లకి. గెలిస్తే ఐదేళ్లు సాగదీయొచ్చు," అన్నాడు గన్నర్.

"నానెందుకు నిలబడ్డం? ఇడ్లీ పాత్ర ఎవలు సూస్తారు?"

అప్పన్న సాయంత్రం వచ్చి ఆమె పక్కన కూర్చుని గ్లాసులు కడిగేవాడు. నలభై దాటిన మనిషి. ఎండు చింతబరికెలా ఉండేవాడు. కుడిభుజం మీద తుపాకీ పట్టీ ఒరిసిన చోట చర్మం నల్లగా కాయకట్టింది. ఒక సాయంత్రం చేతులు తుడుచుకుంటూ కటకటాల దగ్గరకు వచ్చాడు.

"మాదానికి నూనె రాసినారేటి బాబూ?"

"రాశాం."

"అది లేకపోతే నడక తేలిగ్గా ఉన్నాది. కానీ ఒక్క సంగతి బాబూ. అది భుజం మీదున్నప్పుడు తుపాకి అప్పన్న గోరూ అంటారు. ఇయ్యాల సంతలోకెళ్తే, ఒరే అప్పన్నా తప్పుకోరా అన్నాడు ఒక గుంటడు."

"అంటే అననీ," అంది పైడమ్మ వెనకనుంచి. "తప్పుకుంటే ఏటి పోయింది? ఆ బాబుకి ఇంకో మనిసిని సూసుకోమని సెప్పీ. మనం ఇంకో ఇడ్లీ పాత్ర పెడదాం."

"సూద్దాంలే."

"ఎప్పుడు సూస్తావు?"

"దసరా ఎల్లనీయే."

రోజూ ఆ మాటలే వినేవాళ్లం. పైడమ్మకు కావలసింది ఒక్కటే. ఆ తుపాకీ ఎంత కాలం మా తాళం వెనక ఉంటే అంత కాలంలో మొగుడి మనసు మార్చాలి.

గోదాము వరండాలో వైర్‌లెస్ సెట్ పెట్టుకుని కూర్చునే ఆపరేటర్ కుర్రకానిస్టేబులు. విజయనగరం వాడు. సెట్ మూగగా ఉన్నప్పుడు ఫోన్‌లో విదేశీ తుపాకుల వీడియోలు చూసేవాడు.

"సార్, ఆ దేశాల్లో ఎవడికి కావాలంటే వాడికి కొట్లో అమ్మేస్తారంట. అలాగుంటే మంచిది. అందరి దగ్గరా తుపాకీ ఉంటే ఎవడూ ఎవడి జోలికీ పోడు. భయం ఉంటాది కదా."

గన్నర్ వక్క ఊసి అన్నాడు. "ఒరే తమ్ముడూ, మా ఊర్ల కుక్కలన్నిటికీ పళ్లున్నాయి. ఒకదాన్నొకటి కరుసుకోడం మానేసినాయేటి?"

"మీకైతే లైసెన్సు ఉన్నాది. మాట్లాడతారు."

అది నిజమే. గన్నర్‌కు సింగిల్ బ్యారెల్ ఉంది. ఆ తుపాకీతోనే ఒక నగల దుకాణం ముందు కాపలా ఉద్యోగం చేస్తాడు.

"ఉన్నాది. అది నాకు పనిముట్టు. మంగలోడికి కత్తి ఉన్నట్టు. ఆడు దాన్ని భుజానేసుకుని పెళ్లికెళ్తాడేటి?"

ఈ వాదన రోజూ టీ దగ్గర మొదలై భోజనం దాకా సాగేది. నేను పెద్దగా మాట్లాడేవాణ్ని కాదు. ఒకరోజు మాత్రం వాదనకు సమాధానం నడిచి వచ్చింది.

కొండకింద ఊరి నుంచి ఒక ముసలి రైతు. గోచీ, మోకాళ్లదాకా బురద. అతని సింగిల్ బ్యారెల్ కూడా మా దగ్గరే ఉంది. అడవిపందుల మీద పేల్చడానికి తీసుకున్న లైసెన్సు. చిలగడదుంప చేను మూడో వంతు పందులు తవ్వేశాయని చెప్పాడు. కొరికేసిన దుంపలు తువ్వాలులో మూటగట్టి తెచ్చాడు. వాటిని గోదాము గడప మీద పోశాడు.

"రెండు రాత్రులకి ఇవ్వండి బాబూ. పొద్దున్నే తెచ్చి ఇచ్చేస్తాను. ఎలచ్చన్లొచ్చినాయని పందులకి తెలీదు కదా."

నేను ఎస్సైకి చెప్పాను. ఎస్సై కుదరదన్నాడు. రూల్ అంటే రూలే అన్నాడు. ఆయన అన్నది సరైనదే. ముసలాయనకు నేనే చెప్పాను. ఆయన వాదించలేదు. దుంపలు మళ్లీ ఏరుకుని మూటగట్టుకున్నాడు. వాటిలో నాలుగు మంచివి చూసి మా గట్టు మీద పెట్టాడు. ఉడకేసుకోండి బాబూ అని వెళ్లిపోయాడు.

అప్పటిదాకా నాకు ఎవరి మీదా కోపం లేదు. ఈ సంగతి ముందు రాయడానికి కారణం, తర్వాత జరిగింది.

దసరా ముందురోజు మధ్యాహ్నం. ఆకాశం తెరిపిచ్చింది. ఎస్సై వచ్చాడు. నా మొహం చూడకుండా చట్రం వైపు చూస్తూ మాట్లాడాడు.

"రేపు పొద్దున్న పెదబాబుగారి తుపాకీ మిల్లుకు తీసుకెళ్లాలి. ఆయుధపూజ. గంట పని."

"గడప దాటకూడదన్నారు."

"పైనుంచి ఫోన్ వచ్చింది."

"రాసి ఇవ్వండి."

"పూజకి రాతలెందుకండీ? తుపాకీ మీ చేతుల్లోనే వెళ్తాది, మీ చేతుల్లోనే వస్తాది. తూటాలు ఇక్కడే ఉంటాయి. ఇంక భయమేటి?"

"ముసలాయన చేను పోయింది," అన్నాను.

ఆయన వినిపించుకోలేదు. గన్నర్ మాత్రం ఎస్సై వెళ్లాక గోడకేసి చూస్తూ అన్నాడు. "పంది కంటే దేవుడికి పలుకుబడి ఎక్కువ బావా."

పొద్దున్న తుపాకీ తీశాను. గొట్టాలు విరిచి చూశాను. వేలు పెట్టాను. గన్నర్‌కు చూపించాను. ఆయనా వేలు పెట్టాడు. విరిచిన గొట్టాలు మూయకుండా మోచేతి మీద వేసుకుని నడిచాను. నా నడుముకు వాకీటాకీ. పైడమ్మ పొయ్యి దగ్గర నిలబడి చూసింది. పిండి గరిటె చేతిలోనే ఉంది.

"దాన్నెక్కడికి బాబూ?"

"పూజకమ్మా. గంటలో తెచ్చేస్తాను."

"బేగి తెచ్చీండి."

మిల్లు వాకిలి కడిగి ముగ్గులు పెట్టారు. మరలకు మామిడాకులు, బంతిపూలు. తూనికరాళ్లకు, లారీకి, కాటాకు బొట్లు. మధ్యలో పీట. పీట మీద కత్తి, కొడవలి, స్పానర్లు. తుపాకీకి చోటు ఖాళీగా ఉంచారు. చుట్టూ గీసిన ముగ్గు దగ్గర ఒక పెద్దమనిషి నన్ను ఆపాడు.

"బూట్లు, బెల్టు. తోలు లోపలికి రాకూడదు."

తుపాకీ నా చేతుల్లోంచి పెదబాబు బావమరిది అందుకున్నాడు. విశాఖలో వ్యాపారం చేసే మనిషి. తెల్ల చొక్కా, చేతికి బరువైన గడియారం. విరిచిన గొట్టాలను చటుక్కున మూశాడు. ఆ చప్పుడు అతనికి నచ్చింది. మళ్లీ విరిచి మళ్లీ మూశాడు. తర్వాత పీట మీద పెట్టాడు. నేను ముగ్గు ఇవతల నిలబడ్డాను. మధ్యలో ఏడెనిమిది అడుగుల దూరం.

పంతులు కుంకుమ తీశాడు. తుపాకీ మీద చెయ్యి ఆపి పెదబాబును అడిగాడు.

"బాబుగారూ, ఇది ఖాళీగా ఉందా?"

"ఖాళీయే. తూటాలు వాళ్ల దగ్గరున్నాయి."

"ఏటోగా ఉన్నాది. ఖాళీ కుండకి బొట్టు పెట్టం. ఖాళీ గాదికి పెట్టం. గిద్దెడు గింజలైనా పోసి పెడతాం."

పెదబాబు ఒక్క నిమిషం ఆలోచించాడు. దేవుడి గదిలోకి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి అరచేతిలో రెండు ఎర్ర తూటాలు. వాటికీ పసుపు రాసి ఉంది. అప్పగించినప్పుడు ఇవి చెప్పలేదు. దేవుడి పటం వెనక దాచుకున్నాడు.

"పెదబాబుగారూ, వద్దు," అన్నాను. "అవి పెట్టడానికి వీల్లేదు."

"పూజ అయ్యేదాకానే. తీసేస్తాం."

"నేను ఒప్పుకోను. తుపాకీ ఇచ్చేయండి."

"పీట మీద పెట్టాక మధ్యలో తీస్తారేటండీ? మీరు హిందువులేనా?" అంది ఎవరో ఆడమనిషి గుంపులోంచి.

బావమరిదే తూటాలు వేసి గొట్టాలు మూశాడు. నేను వాకీటాకీ తీశాను.

"గోదాం, గోదాం. తుపాకీలో తూటాలు పెట్టారు. ఎస్సైగారికి చెప్పు. తీసేసుకోడానికి ఆర్డరు కావాలి. ఓవర్."

గరగర. తర్వాత ఆపరేటర్ గొంతు. "సార్ లైన్లో ఉన్నారు. అడుగుతాను. ఓవర్."

పంతులు మంత్రం చదువుతున్నాడు. రెండు గొట్టాల చివర్లకు రెండు బొట్లు పెట్టాడు. మడమకు బంతిపూల దండ చుట్టాడు.

"సార్ అంటన్నారు, పూజ అవనివ్వండంట. మధ్యలో గొడవ వద్దంట. అయిపోయాక తీసుకోమంట. ఓవర్."

"తూటాలున్నాయని చెప్పావా?"

"సెప్పాను సార్. అవనివ్వమన్నారు. ఓవర్."

హారతి ఇచ్చారు. గంట కొట్టారు. పెదబాబు అప్పన్నను పిలిచి బూడిదగుమ్మడికాయ చేతికిచ్చాడు. దాని మీద కర్పూరం వెలుగుతోంది. లోపల కుంకుమ నింపారు. అప్పన్న కొత్త పంచె కట్టుకున్నాడు. నెత్తిన తడి జుట్టు. కాయను మిల్లు చుట్టూ తిప్పాడు. గేటు దగ్గర నేలకు కొట్టాడు. ఎర్రగా నలువైపులా చిమ్మింది.

"అయిపోయింది. రండి, తీసుకోండి మీ తుపాకీ," అన్నాడు పెదబాబు నా వైపు చూసి.

నేను బెల్టు విప్పి కింద పెట్టాను. వంగి ఎడమ బూటు లేసు విప్పాను. తడిసిన లేసు బిగుసుకుంది. లాగి విప్పి బూటు తీశాను. కుడి బూటు లేసు మీద చెయ్యి వేశాను.

"అప్పన్నా, ఇలగ సూడు. నవ్వు," అన్న మాట వినపడింది. బావమరిది గొంతు.

తలెత్తాను. అతని ఎడమచేతిలో ఫోన్ ఉంది. కుడిచేతిలో తుపాకీ, సినిమాలో లాగా, నడుము దగ్గర. దండ ఇంకా మడమకు వేలాడుతోంది. అప్పన్న గేటు దగ్గరనుంచి చేతులు పంచెకు తుడుచుకుంటూ వస్తున్నాడు. పీట మీది తుపాకీ తీసి నాకివ్వడానికే వస్తున్నాడని నా నమ్మకం. అది అతని పని. పద్నాలుగేళ్ల అలవాటు. ఫోన్ చూసి ఆగాడు. కాస్త సిగ్గుపడ్డాడు. నవ్వబోయాడు.

నేను అరిచాను. నా అరుపు, చప్పుడు ఒకేసారి.

రేకుల కప్పు కింద పన్నెండు బోరు తుపాకీ చప్పుడు ఎలా ఉంటుందో వినని వాళ్లకు చెప్పలేను. పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. కొంతమంది చప్పట్లు కొట్టారు. ఇది నా కళ్లతో చూశాను. పూజలో భాగం అనుకున్నారు. అప్పన్న వెనక్కి కూర్చున్నట్టు పడిపోయాడు. మూడు గజాల దూరం. ఛాతీ. అంతకంటే రాయను.

ఒక కాలికి బూటుతో, ఒక కాలికి మేజోడుతో ముగ్గు తొక్కుకుంటూ పరిగెత్తాను. ముందు తుపాకీ లాక్కున్నాను. విరిచాను. రెండో గొట్టంలో తూటా నిండుగా ఉంది. తీసి జేబులో వేసుకున్నాను. తర్వాత అప్పన్న దగ్గర కూర్చున్నాను. మెడ దగ్గర నాడి చూశాను. సైన్యంలో ఎన్నోసార్లు చేసిన పని. లేదు.

బావమరిది ఫోన్ ఇంకా పట్టుకునే ఉన్నాడు. "ఖాళీది కదా, ఖాళీది కదా," అంటున్నాడు. తూటాలు వేసింది అతనే.

తర్వాతి గంటలో నేను చూసింది, విన్నది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. పంతులు పీట మీది పత్రి సర్దుకుని వెనకగేటున వెళ్లిపోయాడు. బావమరిదిని కారెక్కించారు. కారు నంబరు నేను గట్టిగా వాకీటాకీలో చెప్పాను. ఎస్సై వచ్చాడు. నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "మీరు ఖాళీగానే తీసుకొచ్చారు కదా?" తనను తాను కాపాడుకునే ప్రశ్న. పెదబాబు ఎస్సై చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లాడు. తిరిగి వచ్చేసరికి కథ తయారైంది. పూజకు ముందు అప్పన్న తుపాకీ తుడుస్తున్నాడు. చెయ్యి జారింది. మిస్‌ఫైర్ అయింది.

"చనిపోయినోడి మీద కేసుండదు. ఎవరికీ ఇబ్బంది లేదు," అన్నాడు ఎస్సై నాతో, మెల్లగా.

ఆ తర్వాత కొన్నేళ్లు ఒక దినపత్రికకు మా మండలం వార్తలు రాశాను. ఆ మాట ఎన్ని వార్తల్లో చూశానో. ఎక్కడ మనిషి పోయినా తుపాకీ మిస్‌ఫైర్ అంటారు. నొక్కినా పేలకపోతే సైన్యంలో ఆ మాట అంటాం. ఇక్కడ తుపాకీ తన పని తాను చేసింది. అది చెయ్యడానికే పుట్టింది. దానికి మిగిలిన ఏ గుణమూ లేదు. గౌరవం, మర్యాద, వంశం, దేవుడు, ఇవన్నీ మనుషులు దాని మీద పూసిన కుంకుమ.

నేనూ, గన్నరూ వాంగ్మూలం ఇచ్చాం. తుపాకీ గోదాము దాటినప్పుడు ఖాళీ. తూటాలు దేవుడి గదిలోంచి వచ్చాయి. వేసింది ఎవరు, కాల్చింది ఎవరు, నేను ఎప్పుడు వైర్‌లెస్‌లో చెప్పాను, ఏం జవాబొచ్చింది. ఎస్సై తీసుకోనంటే ఇద్దరం జిల్లా కేంద్రానికి బస్సెక్కి పెద్దాఫీసులో ఇచ్చాం. ఆపరేటర్ కుర్రాడు భయపడుతూనే మా వెంట వచ్చాడు. నేనడగలేదు. ఫోన్‌లోని వీడియోలన్నీ తీసేశానని బస్సులో చెప్పాడు. కేసు పడింది. బావమరిది బెయిలు మీద వచ్చాడు. ఎస్సైని మార్చారు. కేసు ఇంకా నడుస్తోంది. పిలిచినప్పుడల్లా వెళ్లి అదే మాట చెప్పి వస్తున్నాను.

ఒక్క సంగతి మాత్రం ఏ వాంగ్మూలంలోనూ లేదు. శవాన్ని ఆసుపత్రికి తీసుకెళ్లాక పెదబాబు మిల్లు వరండాలో నా పక్కన నిలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. పద్నాలుగేళ్లు వెంట తిరిగిన మనిషి పోయాడు, ఏడ్చాడు, కాదనను. ముక్కు తుడుచుకుని అడిగాడు.

"తుపాకీ మళ్లీ ఎప్పుడిస్తారండీ? మా నాన్న ఇచ్చింది."

 వరండా దిగి, ముగ్గు దగ్గర వదిలేసిన ఎడమ బూటు తెచ్చుకున్నాను. 

ఎన్నికలయ్యాయి. తుపాకులు ఎవరివి వాళ్లకు ఇచ్చేశాం, ఆ ఒక్కటి తప్ప. ముసలి రైతు కూడా వచ్చాడు. చేను అప్పటికే పూర్తిగా పోయింది. తుపాకీ గోనెలో చుట్టుకుంటూ, "ఇంక దీంతో ఏటి కాల్సుకుంటాను బాబూ," అన్నాడు. అయినా తీసుకెళ్లాడు.

పైడమ్మ రేకుల కొట్టు మూసి ఉంది. ఇడ్లీ పాత్ర బోర్లించి ఉంది. వాళ్ల అన్న వచ్చి పుట్టింటికి తీసుకెళ్లాడట. గన్నర్ నన్ను కోటబొమ్మాళి స్టేషన్ దాకా దింపాడు. రైలు కదిలేముందు కిటికీ దగ్గరకు వచ్చాడు.

"నగల కొట్టు పని మానెత్తన్నాను బావా. ఆ తుపాకి ముట్టుకుంటే ఒళ్లు కంపరంగా ఉన్నాది."

"ఏం చేస్తావు?"

"ఏటో ఒకటి."

చీపురుపల్లిలో దిగేసరికి సాయంత్రం. ఇంటికి వెళ్లి ముందు బూట్లు విప్పాను. వాటిని మళ్లీ తొడగలేదు. మర్నాడే మా చెల్లెలి మొగుడు వచ్చాడు. ఇటుకల వ్యాపారం బాగా సాగుతోంది అతనికి.

"బావా, మిలట్రీవోళ్లకి లైసెన్సు బేగి వస్తాదంట కదా. నీ పేరు మీద ఒకటి తీయీ. డబ్బు నాది. గోడకి ఉంటే ఇంటికి ఒక కళ."

"గోడకి గుమ్మడికాయ కట్టుకో," అన్నాను. అతనికి కోపం వచ్చింది. రెండేళ్లు మాటల్లేవు.

ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఆత్మరక్షణ అంటారు. హక్కు అంటారు. హోదా అని మాత్రం ఎవరూ అనరు. నేను వాదించను. వాదించేటప్పుడు చెప్పలేనిది ఒకటి నా కళ్లముందు ఉంటుంది.

చప్పుడు విని పైడమ్మ రోడ్డు వెంట పరిగెత్తుకొచ్చింది. చేతులకు పిండి. కొంగు జారిపోయింది. గేటు దగ్గర నేలంతా ఎర్రగా ఉంది. అక్కడ ఆగిపోయింది. కిందకు చూసింది. అది గుమ్మడికాయ. పగిలిన చెక్కలు, కుంకుమ, ఆరిన కర్పూరం. నేను లోపల్నుంచి ఆమె మొహం చూశాను. ఒక్క క్షణం ఆ మొహం తేటపడింది. హమ్మయ్య అనుకుంది. దిష్టికాయను తొక్కితే ఇంటాయనకు కీడని అందరికీ తెలిసిందే. చీర కుచ్చెళ్లు రెండు చేతులతో పైకెత్తిపట్టింది. ఒక్క ఎర్రచుక్క కూడా పాదానికి అంటకుండా, గోడవారగా, చూసి చూసి అడుగు వేస్తూ, చుట్టూ తిరిగి లోపలికి వచ్చింది.